పంపును పూజలో పెట్టిన దసరా

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ రెండో స్టేజిలో పాతవాళ్ళెవరినైనా మునివెంకటమ్మ ఇల్లు ఎక్కడని అడగండి. "ఎవరు, పంపు వెంకటమ్మనా?" అని ఎదురు ప్రశ్న వేసి మరీ చూపిస్తారు. ఆ పేరు పెట్టింది నేనే. ఆవిడ మా అన్న ఆవులప్ప భార్య, నాకు వదిన. మరిది అన్నాక వదినకు ఒక పేరైనా పెట్టకపోతే ఆ వరుసకు అర్థమేముంది? పెట్టిన రోజు గరిటె పట్టుకుని నా వెంటపడింది. తరువాత ఎవరు ఆ పేరుతో పిలిచినా పలికేది.

పగలు ఆవిడది కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే పని. పిలుపు వస్తే వాలంటీర్ దళం పని. 1995 నుంచి 2008 దాకా ఆ దళానికి ఆవిడే లీడరు, మధ్యలో ఒక్క ఏడాది తప్ప. ఆ ఒక్క ఏడాదీ లీడరుని నేను. మా వదిన గురించి నేను గొప్పగా చెప్పుకునే సంగతులన్నీ ఒక ఎత్తు, ఆవిడ లీడరుగా లేని ఆ ఏడాది ఒక ఎత్తు. నేను లీడరయ్యాను కాబట్టి ఇలా అంటున్నానని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. విని చెప్పండి.

మాది మడకశిర పక్క. మా నాయన కాలంలోనే బెంగళూరు చేరుకున్నాం. ముగ్గురమూ ఓబళప్ప అనే ఆయన వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళం. అన్న టర్నరు, నేను ఫిట్టరు, వదిన వైండింగు. ఓబళప్పది హిందూపురం వైపు, మన భాషే. మంచివాడే గానీ ముక్కు మీద కోపం, దానికి తోడు మహా భక్తి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే కింద పనిచేసేవాళ్ళ పాట్లు పనిచేసినవాళ్ళకే తెలుస్తాయి.

ఆ రోజుల్లో పీణ్యలో షెడ్డు పక్కన షెడ్డు, గోడకు గోడ ఆనించి కట్టేవాళ్ళు. ఒకచోట నిప్పంటుకుంటే ఫైరింజను ఆ ట్రాఫిక్కులో పడి రావాలి. వచ్చేలోపల జనాన్ని బయటికి తేవడానికి, నిప్పు పక్కకు పాకకుండా చూడటానికి సర్కారు మా వాలంటీర్ దళాన్ని పెట్టింది. పెట్టి ఖాకీ బట్ట ఇచ్చింది, తలా ఒక విజిల్ ఇచ్చింది. అంతటితో దాని బడ్జెట్ అయిపోయింది. ఆదివారం మేము పరేడ్ చేస్తుంటే టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు "పనిలేనోళ్ళ సంఘం వచ్చిందిరా" అని నవ్వేవాళ్ళు. అలా నవ్విన ఒకడి కాలరు పట్టుకున్నందుకు వదిన నన్ను ఒక ఆదివారమంతా ఎండలో నిలబెట్టింది. ఇప్పటికీ నాకు ఆ కాలరు వదిలినందుకే బాధ.

మా దళంలో పిల్లప్ప అని లేతు పనివాడు ఉండేవాడు. ఒక గోడౌను అంటుకున్నప్పుడు లోపలున్న గ్యాస్ సిలిండరును అతను బయటికి లాగాడు. అది పేలి ఉంటే ఆ వరుసంతా లేచిపోయేది. సిలిండరు వచ్చింది గానీ పిల్లప్ప కుడిచెయ్యి కాలింది. ఆసుపత్రిలో పడుకోబెట్టి వైద్యం ఖర్చు కోసం ఆఫీసుకు వెళితే, "ఇతను డ్యూటీ మీద పోయినాడా, తన ఇష్టంతో పోయినాడా?" అని అడిగారు. వాలంటీరంటేనే తన ఇష్టంతో పోయేవాడు. అడిగిన గుమాస్తా చెడ్డవాడు కాదు. అతని దగ్గరున్న రూలే అంత. మేమందరం కలిసి వైద్యం చేయించాం గానీ పిల్లప్ప వేళ్ళు ముడుచుకునే ఉండిపోయాయి. లేతు పని పోయింది.

ఆ రోజు వదిన ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఏడ్వడం అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"ఇంగ మన దళంలో ఎవురికి దెబ్బ తగిలినా సర్కారే చూసుకోవాల. అది రాసిచ్చేదాకా నేను ఊరుకునేది లేదప్పా హనుమంతూ."

"ఎవురు ఇస్తారు వదినా? మనమేమన్నా సర్కారు ఉద్యోగులమా?"

"మంటలోకి పోయేటప్పుడు సర్కారు బట్ట మన ఒంటి మింద ఉండాదా లేదా? బట్ట నీదంటే ఒళ్ళు కూడా నీదే అని అడుగుతాను."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా వదిన అడిగిన అడుగుడుకు అమ్మ కాదు, సవతి తల్లైనా పెట్టాల్సిందే. సెలవు రోజు వచ్చిందంటే చద్ది కట్టుకుని బస్సెక్కేది. ఏ ఆఫీసులో ఏ సారు ఎప్పుడు టీకి లేస్తాడో ఆవిడకు తెలిసిపోయింది. మా అన్న ఒక మాట అనేవాడు కాదు, ఆమె వచ్చేలోపల అన్నం వండి పెట్టేవాడు. చివరికి 1997లో సర్కారు కదిలింది. చక్రాల మీద లాక్కుని పోయే ఒక పంపు, గొట్టాలు, హెల్మెట్లు, బూట్లు ఇచ్చింది. ఇదంతా ఒక ఏడాదికి మాత్రమే. దసరా వెళ్ళాక ఒక అధికారి వచ్చి దళం ఎలా పనిచేసిందో చూస్తాడు. బాగుందంటే దళం శాశ్వతం, దెబ్బ తగిలిన వాలంటీరుకు వైద్యమంతా సర్కారుదే. బాగలేదంటే పంపు వెనక్కి పోతుంది, దానితోపాటు ఆ మాటా పోతుంది.

వదిన భుజం మీద లీడరు పట్టీ ఉండేది. దాన్ని అద్దంలో చూసుకోవడం నేను ఒకటి రెండుసార్లు పట్టుకున్నాను. చూసుకోనీ, తప్పేముంది?

పంపును ఓబళప్ప వర్క్‌షాపు ఆవరణలో పెట్టుకున్నాం. అక్కడైతే నేలలో పెద్ద నీళ్ళ సంపు ఉంది. ఆయన అద్దె అడగలేదు. అదీ చెప్పాలి కదా.

ఇక ఆ దసరా సంగతి. మహర్నవమి నాడు పీణ్యలో మిషను తిరిగిందంటే దానికి దయ్యం పట్టిందనే లెక్క. ఆయుధపూజ అంటే మాకు అంత పట్టింపు. మిషన్లన్నీ నూనె మరకలు పోయేలా తుడిచి, విభూతి పట్టెలు పెట్టి, అరటి పిలకలు కట్టి, వాకిట్లో బూడిదగుమ్మడి కాయ పగలగొట్టి, బొరుగులు, శనగలు పంచుకుని ఇళ్ళకు వెళ్ళిపోతాం. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు మళ్ళీ హారతి ఇచ్చి కదిలించేదాకా ఎవరూ ముట్టరు. సుత్తిని కూడా ముట్టరు. ఏడాదంతా మన అన్నం కోసం అరిగిన వస్తువుకు ఒక్కరోజు విశ్రాంతి ఇవ్వకపోతే మనం మనుషులం కాము.

మరి మా పంపు మాత్రం పనిముట్టు కాదా? కొత్తగా వచ్చింది, సర్కారు ఇచ్చింది, అదేమన్నా తక్కువ తిందా? దళమంతా కలిసి దాన్ని కడిగాం, చక్రాలకు అరటి పిలకలు కట్టాం, గొట్టాన్ని చుట్టలు చుట్టి పైన చామంతి దండలు వేశాం. ఓబళప్ప వచ్చి చూసి మురిసిపోయాడు.

"మునెమ్మా, అమ్మవారి ముందర మా పనిముట్లన్నీ ఉండాయి. సర్కారు ఇచ్చిన ఆయుధం లేకపోతే ఎట్లమ్మా? ఆ ఇత్తడిది ఇయ్యి, అమ్మ కాడ పెడతాను" అన్నాడు వదినతో.

ఇత్తడిదంటే గొట్టం చివర బిగించే నాజిల్. వదిన దాన్ని చింతపండుతో తోమి, బంగారంలా మెరిసేలా చేసి, రెండు చేతులా అందించింది. ఓబళప్ప ఆఫీసు పక్కనున్న దేవుడి గదిలో అమ్మవారి పటం ముందు దాన్ని నిలబెట్టి కుంకుమ పెట్టాడు. మాలో ఎవరికీ తప్పనిపించలేదు. నిప్పు కూడా పండగ చేసుకుంటుందని అనుకున్నామేమో. బొరుగులు పంచి, దేవుడి గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఆయన కుటుంబంతో దొడ్డబళ్ళాపురం అత్తగారింటికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నాలు తిని వాకిట్లో కూర్చుని ఉండగా పిల్లప్ప విజిల్ వినపడింది. చేతి పని పోయాక దళంలో ఫోను చూసుకోవడం, విజిల్ ఊదడం అతని బాధ్యత. బూట్లు తొడుక్కుని పరిగెత్తాం. ఓబళప్ప షెడ్డును ఆనుకుని ఉన్న రంగులు వేసే షెడ్డులోంచి నల్లటి పొగ వస్తోంది. పటం ముందు వెలిగించిన దీపాన్ని అలాగే వదిలేసి తలుపులు వేసుకుని పోయారు. లోపలంతా ఇట్టే అంటుకునే థిన్నరు డబ్బాలు. ఆ షెడ్డు వాచ్‌మన్ జోగయ్య పాలమూరు నుంచి వచ్చినవాడు. పిల్లకు పాలు తేవడానికి బయటికి పోయి అప్పుడే తిరిగి వచ్చాడు.

"అక్కా, లోపట మా మార్త ఉన్నది! పిల్ల ఉన్నది!" అని గుండెలు బాదుకుంటున్నాడు. మార్త అతని భార్య, వాళ్ళ గది షెడ్డు వెనక భాగంలో ఉంది. దానికి దారి షెడ్డులోంచే.

పిల్లప్ప అప్పటికే ఫైరింజనుకు ఫోన్ చేశాడు. పండగ రద్దీ, రావడానికి సమయం పడుతుంది. మేము పంపు దగ్గరికి పరిగెత్తి ఆగిపోయాం. నిజం చెప్తున్నాను, ఆగిపోయాం. దండలతో, విభూతితో అది పీట మీద పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. పూజలో ఉన్నదాన్ని మొదట ఎవరు ముట్టాలి?

"చూస్తా ఉండారేమప్పా!" అని వదిన మమ్మల్ని తోసుకుని వచ్చింది. అరటి పిలకలు పట్టి పీకి పారేసింది. "అమ్మవారికి కోపమొస్తే నా మింద వస్తాదిలే. పట్టండి!"

అంతే, దండలు తెగాయి, గొట్టం సాగింది, తాడు రెండోసారి లాగేసరికి పంపు ఇంజను అందుకుంది. అప్పుడు చూసుకున్నాం, నాజిల్ లేదు. అది లేని గొట్టంలోంచి నీళ్ళు కాలువలో పారినట్టు పారతాయి గానీ మంట మీదికి ఎగరవు. వదిన మొహం అలా పాలిపోవడం నేను అంతకు ముందు చూడలేదు, తరువాతా చూడలేదు.

ఒక్క క్షణమే. విభూతి పట్టెలతో గోడకు ఆనించి ఉన్న గడ్డపార తీసుకుని దేవుడి గది తాళం పగలగొట్టింది. బూటు కాళ్ళతో లోపలికి పోయింది. మా వదిన దేవుడి పటం వైపు కాళ్ళు చాపుకుని కూడా పడుకోదు. మడిబట్ట లేకుండా దీపం పెట్టదు. ఆ మనిషి బురద బూట్లతో గడప తొక్కి, అమ్మవారి ముందున్న నాజిల్‌ను పూలతో సహా లాక్కుని వచ్చింది.

తరువాత అంతా నేర్చుకున్నట్టే జరిగింది. వదినా నేనూ ముందర నాజిల్ పట్టుకుని మంటను వెనక గది వైపు పోనీయకుండా కొట్టాం. మిగతావాళ్ళు వెనక గోడకు కన్నం వేశారు. ఆ కన్నంలోంచి ముందు పిల్ల, తరువాత మార్త బయటికి వచ్చారు. పిల్ల ఏడవలేదు, దగ్గుతూనే ఉంది. ఫైరింజను వచ్చి మిగిలిన నిప్పును ఆర్పింది. వాళ్ళ ఆఫీసరు మా భుజాలు తట్టి, మీరు ఆపకపోతే వరుసంతా పోయేదని అన్నాడు. అందరం సంబరపడ్డాం. వదిన మాత్రం జోగయ్యతో కలిసి ఆసుపత్రికి వెళ్ళింది. పొగ పీల్చిన పిల్లను కొన్నాళ్ళు అక్కడే ఉంచారు.

మరునాడు తెల్లవారి వదిన ఒక్కతే వెళ్ళి దేవుడి గదిని పసుపు నీళ్ళతో కడిగింది. కొత్త తాళం కొని వేసింది. అయినా ఓబళప్ప వచ్చి, విరిగిన తలుపు చూసి, పనిచేసే మనిషి బూటు కాలు దేవుడి గడప దాటిందని విని ఊగిపోయాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. దళం మీద ఫిర్యాదు చేస్తానన్నాడు, చేశాడు కూడా.

"నీ షెడ్డు ఈ పొద్దు నిలబడి ఉండేది ఎవరి వల్ల?" అని నేను చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ ముందుకు పోయాను. వదిన నా చొక్కా పట్టి వెనక్కి లాగింది.

"సుమ్నే ఉండప్పా, గమ్మునుండు. ఆయప్ప తాళం పగలగొట్టింది నేను కాదా?"

అధికారి వచ్చే రోజు దగ్గరపడింది. టీ కొట్టు దగ్గర మేమంతా మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాం. నాజిల్‌ను ఓనరే బలవంతంగా తీసుకుపోయాడని చెప్పాలి. అలా చెప్తే తప్పంతా ఆయన మీదికి పోతుంది, వదిన పట్టీ నిలుస్తుంది, దళమూ నిలుస్తుంది. ఈ మాట వదినకు చెప్పలేదు. చెప్తే ఏమంటుందో అందరికీ తెలుసు.

అధికారి నెరిసిన మీసాల మనిషి. పంపు చూశాడు, కాలిన షెడ్డు చూశాడు, జోగయ్యతో మాట్లాడాడు. తరువాత మమ్మల్ని వరుసగా నిలబెట్టాడు. ఓబళప్ప కూడా ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పంపుతో ఉండాల్సిన నాజిల్ తాళం వేసిన గదిలోకి ఎలా పోయింది?" అని కన్నడంలో అడిగాడు.

నేను ఒక అడుగు ముందుకు వేశాను. "సార్, అది ఓనరు బలవంతంగా..."

"లేదు సార్" అంది వదిన. "ఇచ్చింది నేనే. చింతపండుతో తోమి, నా చేతులతో నేనే ఇచ్చినాను."

ఆ మాటకు ఓబళప్ప చేతులు విప్పేశాడు. ఎంత కోపిష్టి అయినా అబద్ధం చెప్పే మనిషి కాదు. "అడిగింది నేను సార్. ఆమె దాన్ని తానుగా తేలేదు. అడిగితే కాదనలేక ఇచ్చింది" అన్నాడు.

"ఎవరైనా అడగొచ్చు. ఇచ్చేది లీడరు" అన్నాడు అధికారి. "నాజిల్ చేతికి అందేటట్టు ఉండి ఉంటే ఆ పిల్ల అంత పొగ పీల్చేది కాదు. ఔనా?"

"ఔను సార్. ఆ పిల్ల దగ్గు నాకు నిద్రలో కూడా వినపడతా ఉండాది." వదిన తల దించుకోలేదు. "నాకు ఏం శిక్ష వేసినా వేయండి. పంపును పూజలో పెట్టింది నా తప్పు, వీళ్ళది కాదు. చెప్పిన మాట విన్నారు, మంటలోకి పోయినారు. రేపు వీళ్ళకు దెబ్బ తగిలితే చూసుకునే దిక్కు లేకుండా చేయొద్దండి సార్. దానికోసమే నేను ఇన్నాళ్ళు మీ ఆఫీసుల చుట్టూ తిరిగింది."

అధికారి పంపు వైపు చూశాడు. దాని చక్రానికి అరటి నార ఇంకా చుట్టుకునే ఉంది.

"దళం బాగుంది. శాశ్వతం చేయమని రాస్తాను. వైద్యం సంగతి కూడా రాస్తాను" అన్నాడు. మాకు గాలి పీల్చుకునేంత సమయం కూడా ఇవ్వకుండా, "లీడరును మాత్రం ఏడాదిపాటు తీసేస్తున్నాను. పట్టీ ఇప్పుడే తీయాలి. తరువాత సీనియరు ఎవరు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తాళం పగలగొట్టి రెండు ప్రాణాలు కాపాడిన మనిషికి ఇచ్చే బహుమానం ఇదా అని అరవబోయాను. వదిన నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. వైండింగు తీగ తెంపే చిన్న కట్టర్ ఆవిడ జేబులో ఎప్పుడూ ఉంటుంది. అది తీసి, భుజం మీది కుట్లు ఒక్కొక్కటే కత్తిరించుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో నా ఖాకీ చొక్కా లాక్కుని, దానికి ఆ పట్టీని తనే కుట్టింది.

"నాకొద్దు వదినా."

"ఊరికే ఇస్తా ఉండానా? ఏడాది అయినాక వడ్డీతో తీసుకుంటాను. నిటారుగా కూర్చో, సూది గుచ్చుకుంటాది."

ఆ ఆదివారం నుంచి మా వదిన నా మాట మీద లెఫ్ట్ రైట్ కొట్టింది. పంపు కడగమంటే కడిగింది. ఆలస్యంగా వచ్చినందుకు ఒకసారి తనంతట తానే ఎండలో నిలబడింది. టీ కొట్టు వాళ్ళు "ఏమమ్మా, మరిది చేతికింద పడినావే" అని నవ్వితే, "మా హనుమంతు లీడరప్పా, ఏమనుకున్నారు!" అని వాళ్ళనే దబాయించింది.

ఉగాది ముందు సర్కారు ఉత్తర్వు వచ్చింది. దళమంతటినీ నిలబెట్టి లీడరే దాన్ని చదవాలి. చేతిలో కాగితం, ఎదురుగా వరుస. వరుసలో అందరికంటే చివర, పట్టీ లేని భుజంతో మా వదిన. దళం పనిలో గాయపడిన ప్రతి వాలంటీరుకూ, డ్యూటీ మీద పోయినా తన ఇష్టంతో పోయినా, నయమయ్యేదాకా వైద్యం సర్కారే చేయిస్తుంది అనే చోటికి వచ్చేసరికి వరుసలో పిల్లప్ప ముడుచుకున్న వేళ్ళు కనపడ్డాయి. అక్షరాలు అలుక్కుపోయాయి. ఏదో గొణిగాను.

"సార్!" అంది వదిన. ఆవిడ నన్ను సార్ అనడం అదే మొదలు. "గట్టిగా చదవండి సార్. చివర ఉండేవాళ్ళకు వినపడల్యా."

మొదటి నుంచి మళ్ళీ చదివాను, రోడ్డు అవతలి టీ కొట్టు దాకా వినపడేలా చదివాను. అయ్యాక దళమంతా నాకు సెల్యూట్ కొట్టింది. అందరూ చేతులు దించినా మా వదిన దించలేదు. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం కదలలేదు. లీడరు తిరిగి సెల్యూట్ కొట్టేదాకా చెయ్యి దించకూడదని మాకు నేర్పింది ఆవిడే. నేను కొట్టాను.